దుఃఖమునకు ఒక ఖాతా

మన ఇండ్లలో చిట్టా వ్రాయనివాడు లేడు. వచ్చిన రూపాయి జమ, పోయిన రూపాయి ఖర్చు. దీపావళికి కొత్త పుస్తకములు పూజలో పెట్టినప్పుడు పాత బాకీలు అందులోనికి ఎక్కును. మరి మనస్సుకు తగిలిన దెబ్బను ఏ పుస్తకములో ఎక్కించవలెను? అసలు ఎక్కించవచ్చునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములు చదివి కలిగినది కాదు.

2021 మే నెలలో, కరోనా రెండవ విడతలో, మా అన్నయ్య పోయినాడు. అంతకు మూడేండ్ల ముందునుండి వాటాల తగాదావలన మా మధ్య మాటలు లేవు. షావుకారుపేటలో ఇద్దరిదీ ఒకే వీధి. ఆయన కొట్టు ముందునుండి పోవలసివచ్చునని నేను చుట్టు తిరిగి పోయెడివాడను. ప్రతియేటా క్షమాపణ దినమున ఊరందరికీ ‘మిచ్ఛామి దుక్కడం’ చెప్పితిని, ఆయన గడప మాత్రము తొక్కలేదు. చివరకు చుట్టి కట్టిన దేహమును దూరమునుండి చూచితిని.

కొట్లు మూసివున్న దినములు. నిద్ర పట్టదు. ఒక రాత్రి పాత చిట్టాలో మిగిలిన ఖాళీ పుటలు తీసి వ్రాయ మొదలుపెట్టితిని. మొదట వ్రాసినది దుఃఖము కాదు, తగాదా! గోడౌను కిరాయి ఎంత, ఎవరికెంత రావలెను, నేను ఎట్లు మోసపోతిని, అంతా అంకెలతో సహా. మూడవ రాత్రి, నాన్నగారు పోయిన నాడు అన్నయ్య తన దుప్పటి తీసి నాకు కప్పిన సంగతి కలములోనికి వచ్చినది. ఆ పైన లెక్క సాగలేదు.

అప్పుడొక భయము పట్టుకొన్నది. ప్రియమైనవారి వియోగమును మరల మరల తలచుట ఆర్తధ్యానమని, అది కర్మబంధ కారణమని మన శాస్త్రము చెప్పుచున్నది గదా. నేను చేయుచున్నది అదియేనా? చాలాకాలము తర్కించి నాకు తోచినది ఇది. నోటితో చెప్పుకొను దుఃఖము ప్రతిదినము ఒకే తీరున నడచును. మనవైపు తప్పు అందులో ఎన్నటికీ కనబడదు. కాగితముమీద పెట్టినది మరునాడు ఎదురుగా నిలిచి మనలను ప్రశ్నించును. కూడిక తప్పినదని పుస్తకములోనేగాని నెత్తిలో తెలియదని వర్తకునికి వేరుగా చెప్పవలెనా? తెలుగులో మనము ఆలోచన అనగా తలపోయుట. ప్రాయశ్చిత్తములలో మొదటిదైన ఆలోచన అట్లు కాదు. తన దోషమును దాచక గురువు ఎదుట విప్పి చెప్పుట. నా వ్రాత ఈ రెండింటి నడుమ ఎక్కడనో వున్నది.

మనవారిలో ఈ పని ఎన్నడో చేసిన వర్తకుడొకడు కలడు. 1586లో జౌన్‌పూరులో పుట్టిన బనారసీదాసు, ఆగ్రాలో వ్యాపారము చేసి, నష్టపోయి, కచోరీల అంగడివానివద్ద నెలల తరబడి అప్పు తిని బ్రతికినాడు. ఏడుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, తొమ్మండుగురూ పోయిరి. 1641లో, ఏబదియైదవ యేట, తన కథను ‘అర్ధకథానకము’ అను పేర పద్యములలో వ్రాసినాడు. పోయిన బిడ్డలను లెక్కించినట్లే చివర తన గుణములను, దోషములను కూడ ఏకరువు పెట్టినాడు. ఆ రెండవ పనియే కష్టము.

అమెరికాలో పెన్నెబేకర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1986లో ప్రకటించిన పరిశోధనలో విద్యార్థులచేత వరుసగా నాలుగు దినములు, దినమునకు 15 నిమిషములు, తమ గాయములనుగూర్చి వ్రాయించినాడు. జరిగినదానిని, తమకు కలిగిన బాధను కలిపి వ్రాసినవారికి వెంటనే మనస్సు ఇంకను బరువెక్కినది. గాని తరువాతి ఆరు నెలలలో, ఏదో సామాన్య విషయము వ్రాసినవారికంటె, వారు వైద్యునివద్దకు వెళ్ళుట తగ్గినది. ఫలితము స్వల్పమనియు, అందరికీ ఒకే తీరున వుండదనియు తరువాతి పరిశోధనలు తేల్చినవి. నేనును అందరికీ మందని చెప్పను. పుండు పచ్చిగా వున్నప్పుడు కెలుకుట మంచిది కాదు.

ఆ పుటలు వదినగారికి చూపవలెనా అనునది నన్ను మరి వేధించినది. నా బరువు దించుకొని ఆమె నెత్తిన పెట్టుట కాదా? ఏడాదిపైన ఆగి, ఒక క్షమాపణ దినమున తీసుకొనిపోతిని. ఆమె కండ్లద్దాలు పెట్టుకొని నిదానముగా చదివినది. ఏడ్వలేదు. మొదటి పుటకు మరల తిప్పి, ఒక అంకెమీద వ్రేలు పెట్టి, “గోడౌను కిరాయిలో నాలుగు నెలలు నువ్వు రెండుసార్లు ఎక్కించావు, చూడవయ్యా” అన్నది.

చూచితిని. నిజమే. దీపావళికి ముందే ఆ మొత్తమును ఆమె ఖాతాకు జమ కట్టితిని.