రాత్రిపై హక్కు ఎవరిది?

పట్టణాల్లో రాత్రి సరదాలు పెరుగుతున్నాయి. నాటకం ముగిశాక కళావేదిక లాబీలో కుర్చీలు వేసుకుని అర్ధరాత్రి దాకా గజళ్ళు వినేవారున్నారు. వలీమా భోజనాలు కాగానే షాదీఖానా ముందు హాలులో ఆర్కెస్ట్రా పెట్టించేవారున్నారు. హైదరాబాదులోనైతే పెళ్ళి ఊరేగింపుకు మర్ఫా ఉండాల్సిందే. నిజాముల కాలంలో అరేబియా, ఆఫ్రికా ప్రాంతాల నుంచి వచ్చి సైన్యంలో కొలువు చేసినవారితో ఆ వాద్యం మన గడ్డకు చేరింది.

వీటి ప్రస్తావన వచ్చినప్పుడు యువకులు అడిగే ప్రశ్న ఒకటుంది. “అక్కడ మద్యం లేదు, అశ్లీలం లేదు, తలుపులు కూడా వేసే ఉన్నాయి. పగలంతా కష్టపడిన మనిషి రాత్రి రెండు గంటలు పాట వింటే ఎవరికి నష్టం?” ఈ ప్రశ్న అడిగినవారిని కసురుకోవడం సులభమే. కాని అది నిజాయితీగా అడిగిన ప్రశ్న. జవాబు కూడా అంతే నిజాయితీగా చెప్పాలి.

ఉలమా ఏమన్నారు?

ముందుగా సంగీతం సంగతి చూద్దాం. వాద్యాలను ధర్మసమ్మతంగా ఎంచుకునే వారు తన సమాజంలో పుడతారని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అందులో వాద్యాల ప్రస్తావన వ్యభిచారం, మద్యాల సరసనే వచ్చింది. నాలుగు మజ్‌హబ్‌ల ఉలమాలో అత్యధికులు వాద్యాలు సమ్మతం కావనడానికి ఇదొక ముఖ్య ఆధారం. అండలూసియాకు చెందిన ఇమామ్ ఇబ్నె హజ్మ్ (మరణం హి. 456) ఈ హదీసు పరంపరలో తెగింపు ఉందన్నారు. హదీసు శాస్త్రవేత్తలు ఆయనకు సమాధానమిచ్చారు. మరోవైపు పండుగనాడు హజ్రత్ ఆయిషా (ర) ఇంట్లో ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (ర) మందలించబోయారు. దైవప్రవక్త (స) ఆయనను వారించి, ఇది పండుగ దినమని గుర్తుచేశారు. వివాహాన్ని దఫ్ వాయించి చాటే అనుమతి కూడా ఉంది. కనుక ఇస్లాం ఆనందానికి శత్రువు కాదు. ఈ రచయిత అత్యధిక ఉలమా మాటనే అనుసరిస్తాడు. కాని వాదన అక్కడితో ముగిసిపోదు. అనుమతి ఉందనే వారి మాటే సరైనదని కాసేపు అనుకుందాం. అప్పుడైనా అర్ధరాత్రి సంగీతం సబబవుతుందా?

సమాను సమర్థించినవారిలో ఇమామ్ గజాలీ (మరణం హి. 505) పేరు మొదట వినిపిస్తుంది. ఆయన తన ‘ఇహ్యా’లో హజ్రత్ జునైద్ బగ్దాదీ మాటను ఉటంకించారు. సమాకు తగిన సమయం, తగిన స్థలం, తగిన సహచరులు కావాలనీ, ఈ మూడూ లేకపోతే వినరాదనీ ఆ మాట సారాంశం. చిష్తీ పరంపరలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా కూడా పాడేవాడు, వినేవాడు, పాడే విషయం, వాద్యం అన్నిటికీ షరతులు పెట్టారని ఆ పరంపర గ్రంథాలు చెబుతాయి. అంటే సమ్మతించినవారు సైతం తలుపు బార్లా తెరవలేదు, వాకిట్లో కాపలా పెట్టారు. వారి పేరు చెప్పుకునే మనం ఆ కాపలాదారుణ్ణి మాత్రం ఇంటికి పంపించేశాం.

రాత్రి ఒక అమానత్

ఆ మూడింటిలో మొదటిది సమయం. నిద్రను విశ్రాంతిగా, రాత్రిని వస్త్రంగా, పగటిని జీవనోపాధికై చేశామని అల్లాహ్ సూరె నబాలో (78:9–11) తెలియజేశాడు. వస్త్రం కప్పడానికి ఉంటుంది. ఒకరి ఒంటిమీది దుప్పటిని మరొకరు లాగేస్తే దాన్ని సరదా అనం. మరి ఒక వీధి మొత్తం కప్పుకున్న దుప్పటిని లాగేస్తే ఏమనాలి?

ఇషాకు ముందు నిద్రపోవడాన్ని, ఇషా తర్వాత ముచ్చట్లు పెట్టుకోవడాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని హజ్రత్ అబూ బర్జా (ర) ఉల్లేఖించారు (బుఖారీ). ఇందులో మినహాయింపు లేకపోలేదు. ముస్లింల వ్యవహారాలపై ఆయన (స) హజ్రత్ అబూబక్ర్ (ర)తో రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడిన సందర్భాలు తిర్మిజీలో ఉన్నాయి. కాబట్టి రాత్రి మేల్కొనడమే పాపమని ఎవరూ అనరు. ఎందుకు మేల్కొన్నాం, దానివల్ల ఏం పోయింది అన్నదే ప్రశ్న. రెండు గంటలకు ఇంటికి చేరినవాడు ఫజ్ర్ అజాన్‌కు లేవగలడా? ఇషాను జమాఅత్‌తో చేసినవాడు సగం రాత్రి, ఫజ్ర్‌ను కూడా జమాఅత్‌తో చేసినవాడు రాత్రంతా ఆరాధనలో నిలబడినట్లేనని ముస్లిం హదీసు చెబుతోంది. పాట కోసం అంతటి పుణ్యాన్ని వదులుకోవడం లాభసాటి బేరమేనా?

పొరుగువాడి నిద్ర

“తలుపులు వేసే ఉన్నాయి కదా” అంటారు. చట్టం కూడా ఇంచుమించు ఇలాగే ఆలోచించింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు నిషిద్ధం. అయితే ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, విందు హాలు వంటి మూసిన ప్రదేశాలకు మినహాయింపు ఉంది. నివాస ప్రాంతాలలో రాత్రి శబ్దం 45 డెసిబెళ్ళు దాటరాదని కూడా అవే నిబంధనలు చెబుతాయి. కాని లాబీ, వరండా, ముందు హాలు వంటివి పేరుకే మూసిన ప్రదేశాలు. వచ్చేవారికీ పోయేవారికీ తలుపు తెరుచుకుంటూనే ఉంటుంది, తెరిచినప్పుడల్లా డోలు చప్పుడు వీధిలోకి వస్తుంది. కార్యక్రమం ముగిశాక కార్ల హారన్లు, వీడ్కోలు కేకలు ఎలాగూ ఉంటాయి. చట్టం డెసిబెళ్ళను కొలుస్తుంది. ఆ రాత్రి జ్వరంతో ఉన్న పసిబిడ్డను మూడోసారి జోకొడుతున్న తల్లి అలసటను కొలిచే యంత్రం ఏదీ లేదు.

దైవప్రవక్త (స) నడవడిలో ఆ కొలమానం కనిపిస్తుంది. ఆయన (స) రాత్రివేళ ఇంటికి వచ్చినప్పుడు మేల్కొన్నవారికి వినిపించేలా, నిద్రించేవారికి మెలకువ రాకుండా సలాం చేసేవారని హజ్రత్ మిఖ్దాద్ (ర) చెప్పారు (ముస్లిం). సలాం అంటే శాంతి కోరే దుఆ. దానికే ఆయన (స) గొంతు తగ్గించారు. ఎవరి కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతను విశ్వాసి కాడని ఆయన (స) మూడుసార్లు ప్రమాణం చేసి చెప్పిన మాట బుఖారీలో ఉంది. ఆ పొరుగువాడు ముస్లిం అయి ఉండాలన్న షరతు అందులో లేదు.

హాలులోనూ పొరుగువారున్నారు. ప్లేట్లు కడిగే కుర్రాళ్ళు, కుర్చీలు సర్దే కూలీలు, గేటు దగ్గర వాచ్‌మన్ చివరి పాట ముగిసేదాకా కదలలేరు. మన రెండు గంటల ఆనందానికి వారి నిద్ర ఖర్చవుతోంది. తెల్లవారితే వారికి మళ్ళీ పని ఉంటుంది.

మరి మన జల్సాల మాటేమిటి?

ఇక్కడ ఆ యువకులు ఎదురు ప్రశ్న వేస్తారు. “మీ జల్సాలు, నాత్ మహఫిళ్ళు మైకులు పెట్టి ఒంటిగంట దాకా సాగవా?” ఈ మాటకు మనకు కోపం రాకూడదు. మస్జిదులో కొందరు బిగ్గరగా ఖుర్ఆన్ పఠిస్తుంటే, ఎతెకాఫ్‌లో ఉన్న దైవప్రవక్త (స) తెర తొలగించి, మీలో ప్రతి ఒక్కరూ తన ప్రభువుతో ఏకాంతంగా మొరపెట్టుకుంటున్నారనీ, ఒకరినొకరు బాధించుకోవద్దనీ హితవు చెప్పారు (అబూ దావూద్). దైవవాణిని పఠించే గొంతుకే ఈ హద్దు ఉంటే మన ఉపన్యాసం ఎంత, మన నాత్ ఎంత? ఎదుటివాడి గజల్ అయితే ఉపద్రవం, మన జల్సా అయితే పుణ్యం అనుకోవడం న్యాయం కాదు. త్రాసు ఎవరికైనా ఒకటే. మనం మన మైకు కట్టేసిన రోజున మన హితవుకు బరువు వస్తుంది.

చేయదగినది

నిఖాను అస్ర్ లేక మగ్రిబ్ తర్వాత పెట్టుకుంటే ఇషా అయిన వెంటనే భోజనాలు పూర్తవుతాయి. వధువు వైపువారి ఖర్చూ తగ్గుతుంది, అతిథులూ సుఖంగా ఇళ్ళు చేరతారు. షాదీఖానా కమిటీలు రాత్రి పది గంటలకు హాలు ఖాళీ చేయాలనే షరతు రసీదు మీదనే రాయవచ్చు. మస్జిదు కమిటీలు కూడా తమ సభలకు ఇదే వేళ పాటించాలి. దారి తప్పిన యువకులకు ప్రేమగా చెప్పాలి. నలుగురిలో నిలబెట్టి అవమానిస్తే వారు పాటను వదలరు, మస్జిదును వదిలేస్తారు. పగటి అలసట తీరడానికి ఏదో ఒక తోడు కోరుకోవడం మనిషి సహజం. సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకునే చోటు మనం వారికి చూపించామా అన్నది కూడా ఆలోచించాలి.

హజ్రత్ అబూ దర్దా (ర) రాత్రంతా నమాజులో నిలబడబోతే హజ్రత్ సల్మాన్ (ర) ఆయనను ముందు పడుకోమన్నారు. ప్రభువుకూ, దేహానికీ, ఆలుబిడ్డలకూ హక్కులున్నాయనీ, ఎవరి హక్కు వారికి ఇవ్వాలనీ చెప్పారు. దైవప్రవక్త (స) ఆ మాటను ధ్రువపరిచారు (బుఖారీ). ఆరాధన కోసమైనా ఎగ్గొట్టకూడని హక్కును వినోదం కోసం ఎగ్గొట్టవచ్చునా? “ఎవరికి నష్టం?” అని అడిగినవారు ఆ హక్కుదారులను ఒక్కొక్కరిగా లెక్కపెట్టుకుంటే జవాబు దొరుకుతుంది.

అల్లాహ్ మన రాత్రులను ప్రశాంతంగా, మన ఉదయాలను శుభప్రదంగా చేయుగాక! ఎవరి నిద్రకూ మనం కారకులం కాని నష్టం మన ఖాతాలో చేరకుండా, మన చేతుల నుంచీ గొంతుల నుంచీ పొరుగువారిని కాపాడుగాక! ఆమీన్.