మోజు బండి, రోజు బండి

అల్లుడూ,

మీ తాతగారి 1973 ఫియట్‌ని నువ్వు మళ్లీ రోడ్డెక్కించావంటే మాకందరికీ ఎంత సంతోషమో చెప్పలేను. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు వదులు తీయించావు, కార్బ్యురేటర్ విప్పి కడిగించావు, పాత సామాన్ల కొట్లన్నీ గాలించి ఆనాటి లైట్లే తెచ్చి బిగించావు. ఇప్పుడు పైడిభీమవరంలో ఉద్యోగమొచ్చింది. విజయనగరం నుంచి రోజూ వెళ్లి రావడానికి రెండు మూడు లక్షల్లో సెకండ్ హ్యాండ్ బండి చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆర్టీసీ గరాజులో ఇంజిన్ల మధ్యే బతికినవాణ్ణి కనక నీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందుగా, కొత్త ఖర్చెందుకు, ఫియట్‌నే రోజూ తిప్పేద్దాం అన్న ఆలోచన ఏ మూలైనా ఉంటే తీసెయ్. దానికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. సీటు బెల్టులు లేవు. నాతవలస దాటి పదహారో నంబరు హైవే ఎక్కాక నీ ముందు పోయే లారీ ఒక్కసారి ఆగితే, ఆ బ్రేకులతో ఆగడం నీ చేతిలో ఉండదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. ఆనాటి రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికోసం చేసినవి కావు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన కూడా తెలుసుకో. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అలా చేయించాక ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తీయొచ్చు గానీ రోజువారీ తిరుగుడుకు వీల్లేదు. నీ ఫియట్‌కి ఆ గౌరవం దక్కాలంటే దాని మీద రోజు బరువు పెట్టకూడదు.

ఇక నాకు అసలు భయం వేరే ఉంది. పాత బండ్లంటే ప్రాణమిచ్చేవాడు మామూలు కారు చూస్తే మొహం తిప్పుకుంటాడు. లక్షకో లక్షన్నరకో ఒక ఓపెల్ కోర్సా, ఒక ఫోర్డ్ ఐకాన్, ఒక షెవర్లే కనిపిస్తే కళ్లు మెరుస్తాయి. మంచి బండ్లే, కాదనను. కానీ ఓపెల్ మన దేశం నుంచి 2006లోనే వెళ్లిపోయింది. షెవర్లే అమ్మకాలు 2017తో ఆగాయి. ఫోర్డ్ 2021లో తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. ఒక సెన్సర్ పోతే సామాను కోసం ఊళ్లు పట్టి తిరగాలి, ఈలోగా నీ ఉద్యోగం ఆగదు. సామాను వెతుక్కునే ఓపిక, ఆ సరదా ఫియట్ కోసం దాచుకో. రోజు బండికి మాత్రం విజయనగరం గంటస్తంభం దగ్గరా, శ్రీకాకుళం ఏడు రోడ్ల దగ్గరా ఏ కొట్లో అడిగినా అరగంటలో సామాను దొరకాలి, ఏ షెడ్డు కుర్రాడైనా విప్పి బిగించగలగాలి.

అందుకే వ్యాగన్‌ఆర్ చూడు, ఆల్టో కె10 చూడు. 2010 తర్వాతి ఈ రెండింటిలో కె సిరీస్ ఇంజిన్ ఉంటుంది. దానికి టైమింగ్ చైను కాబట్టి బెల్టు మార్పించే ఖర్చు లేదు. 2022 నుంచి తయారైన కార్లకు ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి, అంతకు ముందువాటిలో మోడల్ని బట్టి ఉంటాయి. ఒకే ధరకు రెండు బండ్లు కనిపిస్తే ఎయిర్‌బ్యాగులున్నదే తీసుకో, రెండేళ్లు పాతదైనా సరే.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వెయ్యి. వెచ్చగా తగిలిందంటే నువ్వొచ్చేలోపే స్టార్ట్ చేశారని. చల్లారేదాకా కూర్చో, తొందరేం లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే దాని రోగం బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం. ఆయిల్ మూత విప్పి లోపలి వైపు చూడు. తెల్లటి జిడ్డు పేరుకుంటే నీళ్లు కలుస్తున్నాయేమో అనుమానించు. రీడింగ్ నలభై వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటరును నమ్మకు. టైరు పక్కనున్న నంబర్లో చివరి నాలుగంకెలు చదువు: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని.

మన వైపు మరో రెండు చూడాలి. భీమిలి, కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో తిరిగిన బండిని ఉప్పుగాలి కింద నుంచి తినేస్తుంది. పైన పటారం, లోన లొటారం. ర్యాంపు ఎక్కించి అడుగు చూడు, తలుపుల కింది అంచులు వేలితో తడుము, జాకీ పెట్టే చోటు గట్టిగా నొక్కు. రెండోది మునక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు నీళ్లలో నిలిచాయో చూశాం. అలాంటివి కడిగి మెరిపించి దూర ఊళ్లలో అమ్మేవాళ్లుంటారు. సీటు బెల్టు చివరిదాకా లాగు. కడిగినవాడు అక్కడిదాకా కడగడు, బురద చార కనిపిస్తుంది. డిక్కీలో మ్యాటెత్తి స్టెప్నీ తీసి ఆ గుంటలో తుప్పుందేమో చూడు.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే అది కొట్టేయించాకే బేరం. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు ఒడిశా నంబరు బండ్లు చవగ్గా వస్తాయి. ఎన్‌వోసీ, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్, ఏడాదిలోపు నంబరు మార్పు, ఇవన్నీ లెక్కేస్తే ఆ చవక మిగలదు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి ఊరుకోకు, పేరు నీ మీదికి మారేదాకా వెంటపడు. ఇన్సూరెన్స్ మార్పుకు 14 రోజుల్లో అర్జీ పెట్టు. 2012 బండి కొంటే 2027లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ వస్తుంది. 600 ఉండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. అదీ బేరంలో గుర్తుపెట్టుకో.

చేతిలో ఉన్నదంతా బండికే పెట్టేయకు. పదో వంతు పక్కనుంచు. కొన్న వారంలోనే ఆయిళ్లన్నీ మార్పించు, బ్రేకులు విప్పించు, బ్యాటరీ చూపించు. మంచి రోజు బండి ఇంట్లో ఉంటేనే నీ ఫియట్‌కి నిదానంగా, అప్పు లేకుండా, ఆదరాబాదరా లేకుండా చేయాల్సింది చేయగలవు. రోజు బండిని మనసుతో ఎంచకు, లెక్కతో ఎంచు. బేరం కుదిరేలా ఉంటే అడ్వాన్స్ ఇచ్చేముందు నాకు ఫోన్ చెయ్యి. బస్సెక్కి వచ్చేస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం.