జీర్ణశకటము

గత వేసవిలో ఒకనాటి మధ్యాహ్నమున, విజయవాడ ఆటోనగరులోని ఒక చిన్న రేకుల షెడ్డులో, మా తండ్రిగారి అంబాసిడరు కారు అడుగుభాగము నుండి కోసి తీసిన రేకుముక్క నా పాదముల చెంత పడియుండెను. చేటంత వెడల్పుగల ఆ ముక్కలో ఇనుమెంతయో తుప్పెంతయో చెప్పుట కష్టము. వ్రేలితో నొక్కినచో అప్పడమువలె విరుగుచుండెను. మేస్త్రి దానిని తుక్కుకుప్పవైపు త్రోసి, కొత్త రేకునకు కొలతలు తీసికొనుచు, "దీని పని అయిపోయిందండి మాస్టారూ, దీని చోట మంచిది పడుద్ది" అనెను. ఆ మాటతో నాకొక సందేహము కలిగినది. ఇట్లు ముక్క తరువాత ముక్క పోయి, ముక్క తరువాత ముక్క వచ్చుచుండగా, చివరకు నేను ఇంటికి తోలుకొనిపోవునది మా తండ్రిగారి కారేనా, లేక ఆయన కారు పేరు పెట్టుకొన్న మరియొక కారా? షెడ్డులో పుట్టిన ప్రశ్నయని దీనిని చులకన చేయరాదు. రథము నిమిత్తముగా ఈ ప్రశ్ననే మన దేశమున రెండువేల యేండ్లకు పూర్వము ఒక భిక్షువు ఒక రాజును అడిగియున్నాడు.

అది 1974 నాటి మార్క్ 2 కారు. మా తండ్రిగారు బందరులో వైద్యులు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచివేసిన తరువాత, వెనుకసీటు ఊడదీసి, ఆ చోట మందుల పెట్టెలును బియ్యపు బస్తాలును సర్దుకొని, దారి ఉన్నంత మేర ఆ కారులోనే ఆయన అవనిగడ్డవైపు పలుమార్లు పోయివచ్చిరి. ఉప్పునీటి బురదలో చక్రములు సగమువరకు దిగబడిన సంగతి మా అమ్మ కడవరకు చెప్పుచుండెడిది. ఆయన పోయిన పిమ్మట కారు ఇంటి వెనుక వేపచెట్టు క్రింద పద్దెనిమిదేండ్లు నిలిచిపోయెను.

ఇనుమునకు నీరును ప్రాణవాయువును కలిసి తగిలినప్పుడు తుప్పు పుట్టును. ఉప్పు కరగిన నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించును గనుక సముద్రతీరమున ఆ పని మిక్కిలి త్వరగా సాగును. అల్యూమినియముపై ఏర్పడు పొర ఆ లోహమునకే కవచమగుచున్నది. ఇనుముపై పుట్టు తుప్పు అట్టిది కాదు. అది తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించి, పొరలుపొరలుగా ఊడి, లోపలి ఇనుమును మరల గాలికి అప్పగించును. మెహరౌలీలోని ఇనుపస్తంభము దాదాపు పదునారువందల యేండ్లుగా నిలిచియుండుటకు ఆ యినుములోని భాస్వరము వలన ఏర్పడిన రక్షకపు పొర ముఖ్యకారణమని లోహశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మా కారు రేకునకు ఆ భాగ్యము లేదు. పైగా అంబాసిడరునకు లారీకివలె వేరుగా చట్రము లేదు. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించి, కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 1957 మొదలు 2014 వరకు తయారైన ఈ కారునకు దేహమే చట్రము. కావున అడుగురేకునకు పట్టిన తుప్పు చర్మరోగము కాదు, అస్థిగతమైన వ్యాధి.

నా వద్ద ఉన్నది నలుబదివేల రూపాయలు. ప్రభుత్వమునకు చెల్లించవలసిన రుసుములు వేరు. ఆ సొమ్ముతో కారును కొత్తదానివలె చేయుట అసాధ్యమని మొదటిదినముననే తేలిపోయెను, తేలిపోవుటయే మేలాయెను. ధనము సమృద్ధిగా నున్నచో పాతదెల్ల పీకివేసి కొత్తది బిగింపుమని చెప్పి నేను ఇంటికి పోయియుందును. లేకపోవుట చేత ప్రతి భాగము ఎదుటను నిలిచి, ఇది నిలుచునా నిలువదా, దీనిని బాగుచేయవచ్చునా మార్చియే తీరవలెనా అని అడుగవలసి వచ్చెను. వేదాంతులు సాధకునకు మొట్టమొదట విధించిన నిత్యానిత్య వస్తువివేకమును నేను గ్రంథములలో నలుబదియేండ్లు చదివితిని. దానికొక చిన్న పోలిక అభ్యాసములోనికి వచ్చినది ఆ షెడ్డులోనే.

మేస్త్రి స్క్రూడ్రైవరు పిడితో రేకును అంగుళమంగుళము తట్టుచు పోయెను. గట్టి రేకు కంచువలె పలికెను. తుప్పు తిన్నచోట చప్పుడు మట్టికుండవలె బొంగురుపోయెను. అట్టిచోటులెల్ల సుద్దతో గీసి, అంతవరకే కోసి, తుక్కు దుకాణములో తూకమునకు కొన్న ఒక పాత వ్యాను బానెట్టు నుండి ముక్కలు కత్తిరించి అతికెను. బిగిసిపోయిన ఇంజనుకు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో డీజిలును ఇంజను ఆయిలును కలిపి పోసి, మూడు దినములు ఓపికపట్టి, నాలుగవ దినమున ముందు నుండి హ్యాండిలు పెట్టి మెల్లగా కదిపెను. అది మొదట గోరంత, పిదప బెత్తెడంత కదలినది. పిస్టన్లు మార్చవలసిన అవసరము లేకపోయెను. పెట్రోలు ట్యాంకు విప్పి, లోపల గులకరాళ్ళు వేసి, ఇద్దరు పిల్లలు చెరియొకవైపు పట్టుకొని ఊపగా తుప్పు రాలినది. ఖర్చులో బ్రేకులకు ప్రథమస్థానము, రంగునకు కడపటి స్థానము. నిలుపగలిగిన పిమ్మటనే కదలింపవలెనను ఆ క్రమమును మేస్త్రి ఎవరియొద్దను చదివినది కాదు. బండ్ల క్రింద ముప్పదియేండ్లు పడుకొని నేర్చుకొన్నది.

అంతకు పూర్వము మరియొకచోట ఇంకను చవుకగా చేసిపెట్టుదుమనిరి. వారి ఉపాయమేమనగా తుప్పును కోయక, దానిమీదనే దట్టముగా లప్పము పూసి, వాటర్ పేపరుతో నునుపు చేసి, రంగు కొట్టుట. ఒక్క వర్షాకాలము గడచునంతవరకు కంటికి ఇంపుగానే యుండునట. మన వ్రతకల్పములలో విత్తశాఠ్యము కూడదను నిషేధమొకటి కలదు. కలిగియుండి లేనట్లు నటించి దైవకార్యమున కోతపెట్టుట శాఠ్యము. లేనివాడు యథాశక్తిగా ఒక పుష్పముంచినను పూర్ణఫలమేయని ఆ గ్రంథములే చెప్పినవి. నా నలుబదివేలు యథాశక్తి. తుప్పుమీద లప్పము శాఠ్యము. ధనము కొద్దియగుట వలన కర్మ లోపించదు, వంచన వలన లోపించును. ఈ విషయమున నాకు సందేహమెన్నడును కలుగలేదు.

సందేహము కలిగినది మొదటి ప్రశ్నయందే. యవనరాజైన మిలిందునితో నాగసేనుడను బౌద్ధభిక్షువు, రాజా, నీవెక్కి వచ్చిన రథమేది, ఇరుసా, చక్రములా, నొగలా, కాడియా అని అడిగి, వీనిలో ఏదియు రథము కాదనియు, వీనికి వేరుగను రథము లేదనియు, వీని కూడికను ఆశ్రయించి వ్యవహారమునకై పెట్టిన పేరే రథమనియు ఒప్పించెను. నాగార్జునుని సంప్రదాయమువాడైన చంద్రకీర్తి మధ్యమకావతారమున ఇదే రథమును ఏడు విధముల వెదకెను. అవయవములకు వేరుగా గాని, అవయవములే తానుగా గాని, కూడికయందు గాని, ఆకారమునందు గాని అది ఎచ్చటను దొరకలేదు. వీరి మతమున మా తండ్రిగారి కారు పోయినదనుటకు వీలులేదు, ఏలయన అది ఎన్నడును లేదు.

నైయాయికులు దీనికి సమ్మతింపరు. అవయవములకంటె భిన్నమైన అవయవి నిజముగా కలదనియు, అది సమవాయ సంబంధముచేత అవయవములయందు ఉండుననియు వారి సిద్ధాంతము. నాకు మొదట వారియందే ఆశ కలిగినది. కాని వారి శాస్త్రమును కడదాక అనుసరించినచో అవయవములు విడిపోగానే ఆ అవయవి నశించును; వస్త్రము చిరిగినచో మిగిలినది పాత వస్త్రము కాదు, ఖండపటమను కొత్త వస్తువు. అనగా మేస్త్రి మొదటి రేకును కోసిన క్షణముననే మా తండ్రిగారి కారు శాస్త్రోక్తముగా నశించినది. లేదనువారును, ఉన్నదనువారును నాకు ఆ కారును మిగుల్పలేదు.

మరి, ఇది అదే అని నా మనస్సు పలుకుచున్నదే, ఆ ప్రత్యభిజ్ఞ ప్రమాణము కాదా? కత్తిరించిన పిమ్మట మరల పెరిగిన కేశములను చూచి అవే కేశములనియు, క్షణక్షణము మారుచున్న దీపజ్వాలను చూచి అదే జ్వాలయనియు మనమందుము గదా అని బౌద్ధులు జవాబు చెప్పిరి. ఆ జవాబు బలమైనది. అద్వైతులు "ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు" అను వాక్యమును తీసికొని, నాటి దేశకాలములను నేటి దేశకాలములను విడిచిపెట్టి, మిగిలిన వ్యక్తిని ఒక్కనిగా గ్రహింపుమనిరి. మనుష్యుని విషయమున అది చెల్లును, విడువవలసినది విడిచిన పిమ్మట అచ్చట చైతన్యము మిగులును గనుక. కారు విషయమున నాటి రేకులను నేటి రేకులను విడిచిపెట్టినచో మిగులునదేమి? నేను నిజాయితీగా వెదకితిని. ఏమియు మిగులలేదు.

చట్టము మాత్రము తడుముకొనదు. ఇంజను మార్చి, ఆ సంగతి రిజిస్ట్రేషను పత్రమున నమోదు చేయించుకొన్నచో కారు అదే కారు. కారునకు అదే యను గుర్తింపునిచ్చునది చాసిస్ నంబరు. చట్రమే లేని అంబాసిడరునకు చట్రపు సంఖ్య ఆధారమగుట చూచినప్పుడు నాగసేనుని మాట న్యాయస్థానమువరకు వచ్చినదని నాకు తోచెను. పేరు అచ్చట అంకెగా మారినది, అంతియే.

ఆలయముల విషయమున మన పూర్వులు ఏమి చేసిరో చూచిన పిదపనే నాకు కొంత దారి దొరకినది. కృష్ణా తుంగభద్రల సంగమమునందలి కూడలి సంగమేశ్వరాలయము శ్రీశైలము జలాశయమున మునుగవలసివచ్చినప్పుడు దానిని విప్పి, ఆ రాళ్ళతోనే అలంపురమున మరల నిలిపిరి. రాళ్ళు అవే, చోటు వేరు, ఎదుట సంగమము లేదు. పూరీక్షేత్రమున దీనికి సరిగా విరుద్ధము. ఆషాఢము అధికమాసముగా వచ్చిన కొన్ని సంవత్సరములలో, కడపట 2015లో, అంతకుముందు 1996లో, జగన్నాథునకు వేపదారువుతో కొత్త దేహము చేసి, ఒక రాత్రి దైతాపతులనెడు సేవకులు కన్నులకు గంతలు కట్టుకొని, చేతులకు వస్త్రము చుట్టుకొని, బ్రహ్మపదార్థమును పాతమూర్తి నుండి కొత్తమూర్తిలోనికి మార్చిరి. అచ్చట చోటు అదే, దారువు వేరు. పాతమూర్తులను కోయిలి వైకుంఠమను చోట భూస్థాపనము చేసి, దైతాపతులు బంధువు పోయినట్లు అశౌచము పట్టుదురు. ఆ అశౌచము నన్ను మిక్కిలి కదిలించినది. దేవుడు మారలేదని దృఢముగా నమ్మువారే, పోయిన కొయ్యకై ఏడ్చుచున్నారు. రెండును సత్యములేయని వారి ఆచారము చెప్పుచున్నది.

అలంపురమునందు రాతివలనను, పూరియందు బ్రహ్మపదార్థము వలనను ఏకత్వము కలిగినదని పైకి తోచును. నేనట్లు తలపను. ఎవరో కొందరు దానిని విడువరాదని పూనుకొనుట వలననే రెండుచోట్లను ఏకత్వము కలిగినది. ఎవరును పూనుకొననిచో సంగమేశ్వరుని రాళ్ళు నీటిలో రాళ్ళుగనే యుండును. కావున, ఇది అదే కారు అను మాట వస్తుస్వభావమును చెప్పు వాక్యము కాదని నా నిశ్చయము. అది ఋణమును ఒప్పుకొను వాక్యము. తండ్రి చేసిన అప్పు తనదియేయని కుమారుడు పత్రముపై వ్రాలు చేసినట్లు, ఇది అదే కారని నేను పలికితిని. పలికినందువలన దానికి తగినట్లు చేయవలసినవాడనైతిని. నాగసేనుడు రథమును గూర్చి చెప్పినది నిజమే. పేరు మాత్రమే యున్నది. కాని ఆ పేరును ఎవరు మోయుదురనునది వేరొక ప్రశ్న, దానిని ఆయన మిలిందుని అడుగలేదు.

ఇది మోహము కాదా అని నా మిత్రుడొకడు, శాస్త్రమెరిగినవాడు, అడిగెను. జీర్ణవస్త్రమును విడిచి నూతనవస్త్రమును ధరించినట్లు దేహి దేహమును విడుచునని గీతాచార్యుడు చెప్పలేదా యనెను. చెప్పెను. కాని అది మరణమునకై శోకింపరాదని చెప్పిన మాట, చినిగిన వస్త్రమును కుట్టుకొనరాదని చెప్పిన మాట కాదు. కఠోపనిషత్తు దేహమును రథమనియు, ఆత్మను రథికుడనియు, బుద్ధిని సారథియనియు, మనస్సును పగ్గమనియు చెప్పినప్పుడు, రథము నశ్వరమను నెపముతో ఇరుసునకు చమురు పెట్టకుమని చెప్పలేదు. ఆగమములు సైతము జీర్ణోద్ధారమును నూతననిర్మాణముతో సమానమైన పుణ్యకార్యముగా పరిగణించి, దానికి ప్రత్యేకవిధులేర్పరచినవి. నాలో మోహపు పాలు లేదనను. ఆ తుప్పు ముక్కను చూచినప్పుడు దివిసీమ ఉప్పే దానిని తినినదేమోయని తోచి, దానిని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకొంటిని. అది మోహమే. పది దినములుంచుకొని, పిదప తుక్కువానికి ఇచ్చివేసితిని.

కారు ఆషాఢమాసములో నడచినది. మడ్‌గార్డులకు రెడ్ ఆక్సైడు మాత్రమే పూయబడియున్నది. రంగునకు సొమ్ము చాలలేదు. అతుకులు చేతితో తడిమినచో తెలియును, మేస్త్రి వానిని దాచలేదు. నేను కారును మెల్లగా బందరుదాక తోలుకొనిపోయి వేపచెట్టు క్రింద గాక, వసారాలో నిలిపితిని.

ఇంటివెనుక ఇట్టి బండి గలవారికి నా విన్నపము. చూచుటకు పైకమక్కరలేదు. వానలు మొదలుకాకముందే ఒకనాడు తలుపు తెరచి, కాళ్ళక్రింది చాపలెత్తి, స్క్రూడ్రైవరు పిడితో అడుగురేకును ఒక్కసారి తట్టి చూడుడు.