పట్టు వదలని దానం

ఇచ్చినదాని మీద పట్టు వదలకపోతే అది దానమవుతుందా? ఆసుపత్రి భవనాలకు కంప్యూటర్ మోడళ్లు తయారుచేసే నన్ను ఈ ప్రశ్న వదలదు.

అగ్నినిరోధక తలుపునే తీసుకోండి. దాని కొలతలు, మంటను ఎంతసేపు ఆపుతుందన్న వివరం ఉన్న మోడల్‌ను చాలామంది తయారీదారులు ఉచితంగానే ఇస్తారు. కానీ ఆ ఫైలు ఒకే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటే, లైసెన్సు ముగిసిన రోజున ఆ వివరం చేజారుతుంది. భవనం మాత్రం తరాలపాటు నిలవాలి.

భవన మోడళ్లను దాచే ఐఎఫ్‌సీ అనే ఫైల్ ఫార్మాట్ అలా కాదు. 2013లో ఐఎస్‌ఓ 16739గా వెలువడిన బహిరంగ ప్రమాణమిది. ఐఎఫ్‌సీ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచినా తలుపు పేరు, ఎత్తు, వెడల్పు అంకెల్లో కనిపిస్తాయి.

ధారపోసి ఇచ్చాక దాతకు హక్కుండదన్నది మన సంప్రదాయం. ప్రాణాలు కాపాడే వివరానికీ అదే ధర్మం వర్తించాలి. తయారీదారులారా, మీ మోడళ్లను ఐఎఫ్‌సీలోనూ ఇవ్వండి.