వైద్యం శాస్త్రమా? కళా?

వైద్యం శాస్త్రమా, కళా అని అడిగితే మీరేమంటారు?

1816లో పారిస్ నగరంలో లెనెక్ అనే వైద్యుని వద్దకు గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. రోగి ఛాతీకి నేరుగా చెవి ఆనించి వినడం అప్పటి పద్ధతుల్లో ఒకటి. ఆమె విషయంలో అది తగదనిపించింది ఆయనకు. కాగితాల దస్తాను గొట్టంలా చుట్టి, ఒక కొన ఆమె గుండెపై, మరొకటి తన చెవికి ఆనించాడు. చప్పుడు మరింత స్పష్టంగా వినిపించింది! స్టెతస్కోపు పుట్టుక అదే. గొట్టంలో శబ్దం ఎలా సాగుతుందో శాస్త్రం చెబుతుంది. ఆమె సిగ్గును గౌరవించాలని చెప్పింది మాత్రం ఆయన మనసు.

క్షయవ్యాధినే చూడండి. సాధారణ క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్ళు తేరుకుంటుంది. కూలికి పోవలసిన మనిషి మందులు మానేస్తాడు. జబ్బు తిరగబెడుతుంది, ఒక్కోసారి ఆ మందులకు లొంగదు కూడా. ఏ మందు, ఎన్నాళ్ళు అన్నది శాస్త్రం తేల్చింది. "తగ్గినట్టుంది గాని ఇంకా తగ్గలేదయ్యా" అని కూర్చోబెట్టి నమ్మకం కలిగించడం కళ.

అలాగని తీయని మాటలు చాలవు. తప్పు మందిస్తే ఎంత దయ ఉన్నా రోగికి కీడే. ముందు శాస్త్రం తెలియాలి. దాన్ని ఈ మనిషికి ఎలా అందించాలో కూడా తెలియాలి.

మనకూ ఒక బాధ్యత ఉంది. మందు మానేస్తే, మానేశానని డాక్టరుకు దాచకుండా చెబుదాం. వినే చెవికి చెప్పే నోరూ తోడు కావాలి కదా!