సాలూరు తిరుగుబండి

బొబ్బిలి పేరెత్తగానే 1757 యుద్ధం, తాండ్ర పాపారాయుడు, ఆ తర్వాత గొల్లపల్లి వీణ. బొబ్బిలి స్టేషన్లో పెద్దలైను నుంచి చీలి సాలూరు వైపు పోయే చిన్న లైను ఎవరికీ గుర్తురాదు. వేదాంతం చెప్పుకోవడానికి నాకు కోట కంటే ఆ లైనే ఎక్కువ అక్కరకొస్తుంది.

పెద్దలైను కథ వేరు. 1908-09లో విజయనగరం నుంచి పార్వతీపురం దాకా వచ్చింది, 1931లో రాయపూర్‌ను అందుకుంది. మరో రెండేళ్ళకు విశాఖ రేవు తెరుచుకుని దాని సరుకుకు సముద్రం దొరికింది. సాలూరు కొమ్మకు ఆ భాగ్యం లేదు. నిడివి 20 కిలోమీటర్లు కూడా ఉండదు. పంటచేల మధ్య నారాయణప్పవలస లాంటి చిన్న ఊళ్ళను ఒరుసుకుంటూ పోయి, తూర్పు కనుమలు లేవబోయే చోట ఆగిపోతుంది. చాలా ఏళ్ళు ఒక్క రైలుబస్సే దాని మీద అటూ ఇటూ తిరిగింది.

రైలుకట్ట పక్కనున్న పల్లెను చూపించి, ‘బండి వస్తుంది, పోతుంది, ఊరు కదలదు, కాబట్టి ఊరే సాక్షి’ అనడం సులువు. ప్రవచనాల్లో బాగానే పండుతుంది కూడా. కానీ ఊరు సాక్షి కాదు. దానికి సాలూరులో బేరముంది, బొబ్బిలిలో ఆస్పత్రి పని ఉంది, బండి ఆలస్యమైతే విసుగుంది. ముండకోపనిషత్తులోని రెండు పక్షుల్లో ఇది ఊరికే చూస్తూ ఉండే పక్షి కాదు, పండు తినే పక్షే.

అసలు పాఠం లైను చివర ఉంది. రైలుబస్సు సంగతి వేరు గానీ, పట్టాలు అయిపోయిన చోట ఇంజను లాగే బండి తిరిగి రావాలంటే మామూలు పాత పద్ధతి ఇది. ఇంజనును విప్పి, పక్క పట్టాల మీదుగా నడిపించి, రెండో కొసకు తగిలిస్తారు. పెట్టెలు ఎక్కడివక్కడే, లోపలి మనుషులూ మూటలూ ఎక్కడివక్కడే. లాగే కొస మాత్రం మారుతుంది.

శంకరులు గీతాభాష్యం మొదట్లోనే వేదధర్మం ప్రవృత్తి (కర్మల వైపు నడవడం), నివృత్తి (వాటినుంచి మళ్ళడం) అని రెండు విధాలన్నారు. మనం వాటిని ఊళ్ళోకొకటి, అడవికొకటి పోయే రెండు బాటలుగా ఊహించుకుంటాం. కఠోపనిషత్తు మాట చూడండి: ఇంద్రియాలు బయటికి తెరుచుకుని పుట్టాయి, ధీరుడెవడో చూపు మళ్ళించి లోపలి ఆత్మను చూశాడు. కళ్ళు పొడుచుకోమనలేదు. అవే కళ్ళు, అదే మనసు. సంకల్పం ఏ కొసకు తగిలిందన్నదే తేడా.

పతంజలి ఇలాంటి తిరుగు నడకను ప్రతిప్రసవం అన్నాడు. అంటే పుట్టిన వరసకు ఎదురు నడిచి, కార్యాన్ని కారణంలో కలపడం. గీత రెండో అధ్యాయంలో మనిషి పడిపోయే వరస ఉంది: విషయచింతన, సంగం, కామం, క్రోధం, సమ్మోహం, స్మృతిభ్రంశం, బుద్ధినాశం. పిల్లలచేత బట్టీ పట్టిస్తాం గానీ, తిరుగు ప్రయాణపు టైంటేబులుగా దాన్ని చదివేవారు తక్కువ. కోపం రాగానే అక్కణ్ణుంచి నేరుగా శాంతిలోకి దూకాలని చూస్తాం. కుదరదు, మధ్యలో హాల్టులున్నాయి. ఈ కోపం వెనక దెబ్బతిన్న కోరికేది? ఆ కోరిక ఏ తగులాటంలో పుట్టింది? అంతకుముందు ఏ తలపును ఎన్నాళ్ళు నెమరేశాను? వెళ్ళేటప్పుడు మొదట దాటిన ఊరు వచ్చేటప్పుడు ఆఖరున వస్తుంది. మొదటి తలపు అన్నిటికన్నా ఆలస్యంగా దొరికేది అందుకే.

ఇంకొకటి. ఇంజను కొస మారాక, అదే సీటులో అలాగే కూర్చున్నవాడికి తాను వెనక్కి పోతున్నానని కంగారు పుడుతుంది. ‘ధ్యానం మొదలుపెట్టాక మనసు మరీ పాడైంది, పాత చెత్తంతా పైకొస్తోంది’ అని కొందరు సాధకులు బెంగపెట్టుకునేది దీనికే. దాటిన ఊళ్ళు మళ్ళీ కనబడితేనే కదా బండి ఇంటిముఖం పట్టినట్టు! అయితే ఆ ఊళ్ళలో దిగి మళ్ళీ కాపురం పెట్టేవాళ్ళూ ఉన్నారు. పాత పగను పరీక్షిస్తున్నామంటూ దాని రుచే మరోసారి చూస్తారు. పతంజలికి ఈ సంగతి తెలుసు. ప్రతిప్రసవం మనసులో విత్తనాల్లా దాగిన సూక్ష్మమైన క్లేశాలకని చెప్పి, వెంటనే తర్వాతి సూత్రంలో, పైకి ఉబికే వృత్తులను ధ్యానంతో తీసేయమన్నాడు.