మంచిది ఎక్కడైనా మంచిదేనా?

"మంచి ఎంత చేసినా మంచిదే కదా!" అని మనం తరచూ అంటుంటాం. ఈ మాట పూర్తిగా నిజమేనా? కాస్త ఆలోచించండి.

మన శరీర కణాల్లో చాలా పనులు ఎంజైముల ద్వారా సాగుతాయి. అనేక ఎంజైములకు విటమిన్లు తోడుండాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో లభించే ఫోలేట్ అలాంటిదే. అది చాలకపోతే కణం డి.ఎన్.ఎ.ను తయారు చేసుకోలేదు, రక్తహీనత వస్తుంది. అందుకే గర్భవతులకు ఫోలిక్ ఆమ్లం మాత్రలిస్తారు.

మరి ఇంతటి మేలైనది కీడు చేస్తుందా? 1940లలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఈ జాతి పదార్థాలే ఇచ్చి చూశారు. వ్యాధి తగ్గకపోగా ముదిరింది. క్యాన్సర్ కణాలకూ అదే ఆహారమయింది! అప్పుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో అమెరికాలో అమినోప్టెరిన్ తయారయింది. అది ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, ఎంజైములో చోటు ఆక్రమించి పనిని ఆపేస్తుంది. 1948లో వెలువడిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి కొంతకాలం ఉపశమించింది.

'జుల్మ్' అంటే ఒక వస్తువును దానిది కాని చోట ఉంచటమని అరబీ నిఘంటుకారులు చెప్పారు. దానం, క్షమ కూడా అంతే. దౌర్జన్యపరుణ్ణి పదేపదే క్షమిస్తే పీడితుడికి అన్యాయం జరుగుతుంది. అలాగని చేయి ముడుచుకోకూడదు. ఫార్బర్ వైద్యం మానలేదు, మందు మార్చారు.

కనుక "ఇది మంచిదేనా?" అన్న ప్రశ్నతో ఆగకండి. "నా మంచి ఎవరిని పోషిస్తోంది?" అని కూడా ప్రశ్నించుకోండి.